చందాలతో చంద్రయానం

రెండేళ్ళ కిందట విద్యార్థుల అధ్యయన తరగతి ఒకదానిలో "విజ్ఞానమూ, యుద్ధమూ" అనే విషయం మీద మాట్లాడవలసి వచ్చింది. బెర్లిను రాకెట్టు సంఘం కథ చెప్పాను. నిరుద్యోగులైన మెకానిక్కులు పాత మందుగుండు కొట్లలో కాపరం పెట్టి, అడిగి తెచ్చుకున్న సామానుతో రాకెట్లు చెయ్యడం, ఆ రాకెట్టును జర్మను సైన్యం తన్నుకుపోవడం, పదేళ్ళు తిరిగేసరికి అది లండను మీద బాంబై పడడం. చెప్పడానికి బాగుండే కథ. విన్నవాళ్ళూ బాగానే విన్నారు. ఆఖర్న వెనక బెంచీనించి ఒక కుర్రవాడు లేచాడు. "మాస్టారూ, సైన్యం డబ్బు పెట్టకపోతే అవి తారాజువ్వలుగానే ఉండిపోయేవి గదండీ? వాళ్ళ కలను సైన్యమే నిజం చేసినట్టు కాదూ?" అన్నాడు. పెట్టుబడిదారీ వ్యవస్థలో విజ్ఞానానికి పట్టే గతి అదేననీ, సోవియట్టు యూనియనులో అలా జరగలేదనీ జవాబు చెప్పి కూచున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కుర్రవాడు కొట్టలేదు.

నా జవాబులో రెండో సగం అబద్ధం. అబద్ధమని చెప్పేటప్పుడే నాకు తెలుసు. సభలో చెప్పిన మాటను సభలోనే దిద్దుకునే అవకాశం మళ్ళీ రాలేదు కనక ఇక్కడ దిద్దుకుంటున్నాను.

అతనికి తెలుసో తెలియదో గాని, ఆ ప్రశ్న వెనక ఒక పెద్ద సిద్ధాంతమే ఉంది. విలియం సిమ్స్ బెయిన్‌బ్రిడ్జ్ అనే అమెరికను సమాజశాస్త్రజ్ఞుడు 1976లో రోదసీయాన విప్లవం గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. రోదసీయానం ఏ ఆర్థికావసరం నించీ పుట్టలేదనీ, ఏ ప్రభుత్వమూ దాన్ని కోరి తెచ్చుకోలేదనీ, పిడికెడుమంది స్వాప్నికులు ఒక ఉద్యమంగా ఏర్పడి, సైన్యాల కళ్ళకు గంతలు కట్టి, ఆ సొమ్ముతో తమ పని నెరవేర్చుకున్నారనీ ఆయన వాదం. సైన్యంలో చేరడం ఆయన దృష్టిలో గమ్యం చేరేందుకు తొక్కిన చుట్టుదారి మాత్రమే. మనవాళ్ళు ఇలాటి పుస్తకాన్ని భావవాదమని ఒక్కమాటతో తోసిపారేస్తారు. అది సులువైన పని. కాని అలా తోసేస్తే ఆయన చెప్పిన నిజం కూడా పోతుంది. 1927లో ఏ పెట్టుబడిదారుడికీ చంద్రుడితో పనిలేదు. ఆ కోరిక వచ్చింది కోరుకున్నవాళ్ళలోనించే. పేచీ అంతా ఆ తరవాతి మాటతోనే.

ఇంకొకాయన ఫ్రాంక్ వింటర్. ఈ సంఘాల గురించి 1983లో ఆయన వెలువరించిన పుస్తకం ఎంతో విలువైనది. దేశదేశాల బులెటిన్లూ, ఉత్తరాలూ ఏరి ఒకచోట పెట్టాడు. ఆ ఋణం ఒప్పుకుంటూనే, ఆ పుస్తకానికి ఆయన పెట్టిన పేరు చూడమంటాను: రోదసీయుగానికి నాంది. నాంది అన్న తరవాత అసలు నాటకం వేరే ఉన్నట్టే. నాంది పాడినవాడు తెరవెనక్కి తప్పుకోవలసిందే. ఆ సంఘాల్ని అలా చదివితే తరవాత వచ్చిన ప్రభుత్వ సంస్థలే వాటికి సార్థక్యమని ముందే ఒప్పుకున్నట్టవుతుంది. సంఘమనేది దేనికో ముందుమాట కాదని నా వాదన. చందా, పత్రిక, బహిరంగ సభ, పదిమంది ఎదుట వాదన - ఇవన్నీ కలిసిన ఒక రూపం అది. రాకెట్టు చేతులు మారినప్పుడు ఆ రూపం ఏమైందన్నదే అడగవలసిన ప్రశ్న.

జర్మను సంఘం 1927 జూలై 5న బ్రెస్లౌ నగరంలో పుట్టింది (ఆ ఊరిప్పుడు పోలండులో ఉంది). పుట్టింది ఏ విశ్వవిద్యాలయంలోనూ కాదు, "బంగారు రాజదండం" అనే పానశాలలో. మొదటి అధ్యక్షుడు యోహానెస్ వింక్లర్ చర్చి పరిపాలనలో ఉద్యోగి. "రాకెట్టు" అనే పత్రికను ఆయనే నడిపాడు. సంఘానికి మూలపురుషుడనదగిన హెర్మన్ ఓబెర్త్ ట్రాన్సిల్వేనియాలో బడిపంతులు. గ్రహాంతర రాకెట్టు మీద ఆయన రాసిన సిద్ధాంతవ్యాసాన్ని హైడెల్‌బెర్గ్ విశ్వవిద్యాలయం తిరగ్గొట్టింది. ఆయన కొంత ఖర్చు తనే పెట్టుకుని 1923లో దాన్ని అచ్చువేయించాడు. ఆ చిన్న పుస్తకం చదివినవాళ్ళే నాలుగేళ్ళ తరవాత బ్రెస్లౌలో చేరారు. 1929 నాటికి సభ్యులు 870 దాకా పెరిగారు. పట్టా ఇవ్వని వ్యాసాన్ని ఇంతమంది చదివి, చందాలు కట్టి, సంఘం పెట్టుకున్నారు. ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోండి, మళ్ళీ దీనితో పనుంది.

అదే కాలంలో ఫ్రిట్స్ లాంగ్ చంద్రలోకయాత్ర మీద సినిమా తీశాడు. 1929 అక్టోబరు 15న బెర్లినులో మొదటి ప్రదర్శన జరిగింది. సినిమా ప్రచారానికి నిజం రాకెట్టు ఒకటి చేసి ఎగరెయ్యమని ఓబెర్త్‌ను పిలిపించారు. పాపం ఆయన పంతులు. కర్మాగారంలో చెయ్యి పెట్టినవాడు కాడు. ఒక పేలుడులో గాయపడ్డాడు. గడువులోగా రాకెట్టు తయారుకాలేదు. నరాలు చెడి ఇంటికి వెళ్ళిపోయాడు. ఈ సినిమాను విజ్ఞానదృష్టితో అందరూ మెచ్చుకుంటారు. రాకెట్టు వదిలేముందు అంకెలు వెనక్కి లెక్కపెట్టడం జనానికి మొదట చూపింది అదే. నాకు ఆసక్తి కలిగించింది వేరే సంగతి. అందులో చంద్రుడిమీద బంగారం కోసం అయిదుగురు ధనస్వాములు కుట్ర పన్నుతారు. ధ్వంసం చేస్తామని బెదిరించి రాకెట్టులో తమ మనిషిని ఎక్కిస్తారు. అంటే ఇలాటి కలను ఎవరు కాజేస్తారో కథ రాసిన థియా ఫాన్ హార్బౌకు లీలగా తెలుసు. కాని ఆమె ఊహించిన దొంగ బంగారంకోసం వచ్చే షావుకారు. నిజంగా వచ్చినవాడు యూనిఫారం వేసుకుని, రసీదు పుస్తకంతో వచ్చాడు. ఇంకొకటి: అంత పెద్ద రాకెట్టూ షెడ్డులోనించి దేదీప్యమానంగా బయటికి వస్తుంది గాని, దాన్ని చేసిన చేతులు తెరమీద దాదాపు కనపడనే కనపడవు.

ఆ చేతుల్ని చూడాలంటే మర్నాటి చరిత్రలోకి రావాలి. సినిమా విడుదలైన రెండు వారాలకు న్యూయార్కు షేరుబజారు కూలింది. ఏడాది తిరిగేసరికి జర్మనీలో లక్షలకొద్దీ జనం పనిలేక వీధుల్లో పడ్డారు. 1930 సెప్టెంబరు 27న బెర్లిను శివార్లలో, సైన్యం వదిలేసిన మందుగుండు కొట్ల స్థలాన్ని రుడోల్ఫ్ నేబెల్ నామమాత్రపు అద్దెకు సంపాదించాడు. దానికి "రాకెట్టు విమానాశ్రయం" అని ఘనంగా పేరుపెట్టారు. పనిలేని ఫిట్టర్లూ, వెల్డర్లూ, వడ్రంగులూ అక్కడ ఉచితంగా ఉంటూ, ఉచితంగా పనిచేశారు. కంపెనీల చుట్టూ తిరిగి సామాను సంపాదించడంలో నేబెల్‌ను మించినవాడు లేడు. ఒకచోట వెల్డింగు తీగ దానంగా పట్టి, దాంట్లో కొంత ఇంకొక వర్క్‌షాపుకిచ్చి, బదులుగా వెల్డరు చేత పనిచేయించుకున్న వైనం విల్లీ లే తన చరిత్రలో చమత్కారంగా రాశాడు. ఆ ఇనపముక్కలతో వాళ్ళు 80 పైచిలుకు రాకెట్లు ఎగరేశారు, సుమారు 270 సార్లు ఇంజన్లను నేలమీద బిగించి మండించారు. తమ రాకెట్టుకు "రిపల్సర్" అని పేరుపెట్టుకున్నారు. ఆ మాట కుర్ట్ లాస్విట్స్ 1897లో రాసిన నవలలోది. ఆ నవలలో అంగారకవాసులు ఉపకారం చేస్తామని వచ్చి భూమిని తమ రక్షితరాజ్యంగా చేసుకుంటారు. మన వలసపాలన చరిత్ర తెలిసినవాళ్ళకు ఆ నవల కొత్తగా తోచదు.

విల్లీ లే పుస్తకం నాకు ఇష్టమైన పుస్తకాల్లో ఒకటి. అయినా ఒక ఫిర్యాదు చెప్పక తప్పదు. ఆ నిరుద్యోగులు ఆయన పుస్తకంలో హాస్యపాత్రలు. ఉచితశ్రమ అంత చవగ్గా ఎందుకు దొరికిందో, అలా పనిచేసినవాళ్ళు ఏమనుకున్నారో ఆయన అడగడు. అలాగని ఆ సంఘాన్ని శ్రామిక సంఘమని నేను పొగడబోవడంలేదు. నేబెల్ జాతీయవాది, సైన్యం చుట్టూ తిరిగినవాడు. రాజకీయాల్లో అక్కడివాళ్ళు చాలామంది కుడిపక్షం. సైన్యం తలుపు బద్దలుకొట్టుకుని రాలేదు. వీళ్ళే తలుపు తీశారు.

వెర్సాయి ఒడంబడిక జర్మనీకి పెద్ద ఫిరంగులు నిషేధించింది గాని రాకెట్ల ఊసెత్తలేదు. అందుకే సైనికాధికారుల చూపు ఇటు పడింది. 1932 వేసవిలో కుమ్మర్స్‌డోర్ఫ్ పరీక్షాస్థలంలో సంఘంవాళ్ళు ఒక రాకెట్టు ఎగరేసి చూపించారు. అది దారితప్పి కూలింది. సైన్యానికి రాకెట్టు నచ్చలేదు, అందులోని ఒక కుర్రవాడు నచ్చాడు. 20 ఏళ్ళ వెర్నర్ ఫాన్ బ్రౌన్ ఆ ఏడాది చివర్లో సైన్యం పనిలో చేరాడు. సైన్యం షరతు ఒక్కటే: పత్రికలకెక్కడం, సభలు పెట్టడం, చూడవచ్చినవాళ్ళకు చూపడం మానాలి. 1934లో బ్రౌన్‌కు బెర్లిను విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇచ్చింది. ద్రవ ఇంధన రాకెట్టు మీద రాసిన ఆ వ్యాసాన్ని "దహన ప్రయోగాలు" అనే ముసుగుపేరుతో సైన్యం దాచిపెట్టింది. పూర్తి ప్రతి 1960 దాకా అచ్చుకాలేదు. ఇప్పుడు ఓబెర్త్ వ్యాసం జ్ఞాపకం తెచ్చుకోండి. ఒకదానికి పట్టా లేదు, పాఠకులున్నారు. రెండోదానికి పట్టా ఉంది, పాఠకులు లేరు. పదకొండేళ్ళ తేడాలో, ఒకే విషయం మీద, ఒకే దేశపు విశ్వవిద్యాలయాలు చేసిన పనులివి.

మిగిలిన సంఘం ఎలా పోయిందంటారా? హిట్లరు వచ్చాక బహిరంగంగా రాకెట్లమాట ఎత్తడమే నేరమయింది. ఆ స్థలం ఖాళీ చేయించడానికి మాత్రం రాజకీయం అవసరపడలేదు. ఆ పాత కొట్ల కొళాయిలు ఏళ్ళతరబడి కారి నీటిబిల్లు పేరుకుపోయింది, కట్టలేకపోయారు. విల్లీ లే 1935లో దేశం విడిచి అమెరికా చేరుకున్నాడు.

చుట్టుదారి గురించి బెయిన్‌బ్రిడ్జ్ రాసింది చదివినప్పుడు నాకు కలిగే అభ్యంతరం ఇక్కడ చెప్పాలి. ఆ దారి ఎటు పోయింది? 1943 ఆగస్టులో పేనెమ్యుండె మీద బ్రిటిషు బాంబులు పడ్డాక వీ-2 తయారీని కొండ సొరంగాల్లోకి మార్చారు. బూఖెన్‌వాల్డ్ నించి ఖైదీలను తెచ్చి డోరా శిబిరం పెట్టారు. ఆ శిబిరాల గుండా సుమారు 60,000 మంది నడిచారు. 20,000 మంది వరకు తిరిగి రాలేదు. వీ-2 పడి లండనులోనూ, ఆంట్‌వెర్ప్‌లోనూ, తక్కిన ఊళ్ళలోనూ చచ్చినవాళ్ళు సుమారు 5,000. ప్రయోగించినచోట కంటె తయారుచేసినచోట ఎక్కువమందిని చంపిన ఆయుధం అది. పనికొచ్చే ఖైదీలను ఏరడానికి తాను స్వయంగా బూఖెన్‌వాల్డ్ వెళ్ళినట్టు బ్రౌన్ 1944లో రాసిన ఉత్తరమే ఉంది. సొరంగంలో ఉత్పత్తి చూసిన ఆర్థర్ రుడోల్ఫ్ ఎవరనుకున్నారు? 1930 మే 17న మాక్స్ వాలియర్ రాకెట్టు ఇంజను పేలి చచ్చిపోయిన వర్క్‌షాపులో ఆయనతో కలిసి పనిచేసిన కుర్రాడే. తరవాత చంద్రుడి మీదికి మనుషుల్ని తీసుకుపోయిన శాటర్న్ రాకెట్టుకూ ఆయనే నిర్వాహకుడు. డోరా సంగతి విచారణకు వచ్చాక 1984లో అమెరికను పౌరసత్వం వదులుకుని వెళ్ళిపోయాడు. బ్రౌన్‌ను 1944 మార్చిలో గెస్టాపో కొద్దిరోజులు నిర్బంధించింది, యుద్ధం మాని రోదసీనౌకల గురించి మాట్లాడుతున్నాడని. జీవితచరిత్రకారులు ఇది చూపి ఆయన మనసు చంద్రుడిమీదనే ఉందంటారు. ఉండవచ్చు. సొరంగంలో చచ్చినవాడికి ఆ సంగతితో ఏం ఒరిగింది? సైన్యాన్ని ఉపయోగించుకున్నామనే వాదంలో "మనం" అంటే ఎవరన్నది ముందు తేలాలి. 870 మంది చందాదారులా, పేనెమ్యుండె చేరిన గుప్పెడుమందా?

బెర్లినులో ఆ స్థలాన్ని చూసిపోయినవాళ్ళలో పెండ్రే అనే అమెరికను విలేఖరీ, ఆయన భార్యా ఉన్నారు. 1931లో వచ్చి చూసి, తమ సంఘానికి వెళ్ళి నివేదిక చదివారు. ఆ సంఘం 1930 ఏప్రిల్ 4న న్యూయార్కులో డజనుమందితో మొదలయింది. మొదటి అధ్యక్షుడు డేవిడ్ లాసర్. మన పత్రికల్లో ఈయన పేరు ఇదివరకెవరైనా రాశారేమో, నేను చూడలేదు.

లాసర్ వలసవచ్చిన కుటుంబంలో పుట్టాడు. వయసు చాలకుండానే మొదటి ప్రపంచయుద్ధంలో చేరి విషవాయువు పీల్చి బయటపడ్డాడు. ఇంజనీరింగు చదివి, హ్యూగో గెర్న్స్‌బాక్ నడిపే శాస్త్రకల్పనా పత్రికకు సంపాదకుడయ్యాడు. 1931లో ఆయన రాసిన "రోదసి జైత్రయాత్ర", రోదసీయానం మీద సామాన్యులకు అర్థమయ్యేటట్టు ఇంగ్లీషులో వచ్చిన మొదటి శాస్త్రగ్రంథం. రాకెట్టు ఎందుకు ఎగురుతుందో వివరించడంతో ఆగక, ఇది ఏ ఒక్క దేశమూ చెయ్యదగిన పని కాదనీ, దేశాలన్నీ కలిసి చెయ్యాలనీ అందులో వాదించాడు. శైలి విషయానికొస్తే అక్కడక్కడ పత్రికారచన వాసన కొడుతుంది. చంద్రయాత్ర ఊహాచిత్రం మరీ సాగింది. అయినా పాఠకుణ్ణి తనతో సమానుడిగా చూసిన పుస్తకం అది. లెక్క దాచడు, తెలియనిచోట తెలియదంటాడు.

మాంద్యం ముదిరినకొద్దీ లాసర్ సాయంత్రాలు రాకెట్టు సంఘంలోనించి నిరుద్యోగుల సంఘంలోకి మారాయి. నిరుద్యోగులంటే అంత ఇష్టమైతే నువ్వూ వాళ్ళలో చేరమని 1933లో గెర్న్స్‌బాక్ ఉద్యోగం ఊడగొట్టాడట. లాసర్ నిజంగానే చేరాడు. 1935లో అమెరికా నిరుద్యోగులందరి సమాఖ్యకు అధ్యక్షుడయ్యాడు. కమ్యూనిస్టులు పెత్తనం చేస్తున్నారని 1940లో అందులోనించి తప్పుకున్నాడు; మరుసటి ఏడాది అమెరికను శాసనసభ ఈయన్నే పేరుపెట్టి, ఈయనకు ప్రభుత్వ జీతం ఇవ్వకూడదని తీర్మానించింది. ఇతను విప్లవకారుడే కాదు, చంద్రుడి మీదికి పోవచ్చుననే పిచ్చివాడు కూడానని ఒక సభ్యుడు ఎగతాళి చేస్తే సభ గొల్లున నవ్విందని లాసర్ తరవాత చెప్పుకున్నాడు. ఆ ముద్ర 1980 దాకా తుడుచుకుపోలేదు. అప్పటికి మనుషులు చంద్రుడి మీద నడిచి పదకొండేళ్ళయింది.

ఆయన పెట్టిన సంఘం 1934లో పేరులోనించి "గ్రహాంతర" అన్న మాట తీసేసి "రాకెట్టు సంఘం" అయింది. గౌరవస్థులు నవ్వకుండా ఉండాలని. నలుగురు సభ్యులు 1941లో కంపెనీ పెట్టారు. వాళ్ళ ఇంజనుతోనే 1947లో ఒక విమానం ధ్వనివేగాన్ని దాటింది. కాలిఫోర్నియాలో మలీనా, ష్యూసెన్ బృందం కథ కూడా ఈ కోవలోదే, కాని అది వేరే వ్యాసం పట్టేటంత ఉంది, ఇక్కడ వదిలేస్తాను.

లాసర్ పుస్తకం ఇంగ్లండులో ఒక పల్లెటూరి కుర్రవాడి చేతిలో పడింది. తన జీవితం మలుపు తిరిగింది దానివల్లనేనని ఆర్థర్ క్లార్క్ చివరిదాకా చెప్పాడు. క్లార్క్ చేరిన బ్రిటిషు సంఘాన్ని 1933 అక్టోబరులో లివర్‌పూల్‌లో క్లీటర్ అనే ఆయన స్థాపించాడు. 1875 నాటి పేలుడు పదార్థాల చట్టం ప్రకారం ఆ దేశంలో రాకెట్టు ప్రయోగం నేరం. చేసేదిలేక వాళ్ళు కాగితంమీద పడ్డారు. 1939 నాటికి ముగ్గురు మనుషుల్ని చంద్రుడికి తీసుకుపోయే నౌకకు లెక్కలూ, పటాలూ గీసి తమ పత్రికలో అచ్చువేశారు. ఒక్క రాకెట్టూ ఎగరెయ్యలేదు. సంఘం మాత్రం ఈనాటికీ ఉంది, పత్రిక నడుస్తోంది.

ఇక నేను సభలో మింగిన సంగతి.

మాస్కోలో గ్రహాంతరయాన అధ్యయన సంఘం 1924లోనే, అంటే జర్మనులకంటె మూడేళ్ళు ముందే ఏర్పడింది. సభ్యులు సుమారు 200. ఆ అక్టోబరు 4న చంద్రుడి మీదికి రాకెట్టు ప్రయోగించడం గురించి బహిరంగచర్చ పెడితే జనం విరగబడి, పోలీసుల్ని పిలిచి, మర్నాడు మళ్ళీ సభ పెట్టవలసి వచ్చింది. అప్పుడే "అయెలీతా" సినిమా కూడా విడుదలయింది. దానికి మూలమైన అలెక్సెయ్ తోల్‌స్తోయ్ నవల పెట్రోగ్రాడు వీధిలో గోడమీద అంటించిన ఒక కాగితంతో మొదలవుతుంది: అంగారకానికి వస్తానన్నవాళ్ళు ఫలానా చిరునామాకు రావచ్చునని. ఫ్రిట్స్ లాంగ్ సినిమాలో ధనస్వాముల రహస్యసమావేశం పక్కన ఈ గోడ ప్రకటన పెట్టి చూస్తే ఆ రోజుల మాస్కో అంటే మనకెందుకంత ప్రేమో తెలుస్తుంది. ఆ ప్రేమ అకారణం కాదు.

1931లో అక్కడ రాకెట్టు చోదనాన్ని అధ్యయనం చేసే బృందం ఏర్పడింది. మొదటి నాయకుడు ఫ్రిడ్రిహ్ త్సాందర్. కూతురికి ఆస్ట్రా అనీ, కొడుక్కి మెర్క్యురీ అనీ పేర్లు పెట్టుకున్న మనిషి. సదోవో-స్పాస్కయా వీధిలో ఒక ఇంటి నేలమాళిగ వాళ్ళ కార్ఖానా. బృందం పేరులోని పొడి అక్షరాలకు "ఊరికే పనిచేసే ఇంజనీర్ల బృందం" అని వాళ్ళే వేళాకోళంగా అర్థం చెప్పుకునేవారు. బెర్లిను నిరుద్యోగికీ, మాస్కో ఇంజనీరుకూ ఈ ఒక్కచోట భాష కలిసింది. లెనిన్‌గ్రాడు శాఖలో పెరెల్మాన్ ఉన్నాడు. ఆయన భౌతికశాస్త్ర పుస్తకాలు మాస్కోలో తెలుగులో అచ్చయి విశాలాంధ్ర పుస్తకాల వ్యానులో మన ఊళ్ళకు వచ్చాయి. నా లెక్కల భయం పోగొట్టింది అవే. ఆయన రాకెట్టు సంఘపు మనిషని నాకు నలభై ఏళ్ళు వచ్చేదాకా తెలియదు. 1942 మార్చిలో దిగ్బంధంలో ఉన్న లెనిన్‌గ్రాడులో ఆకలితో చనిపోయాడు.

త్సాందర్ 1933 మార్చిలో టైఫసుతో పోయాడు. ఆగస్టు 17న తిహొన్రావోవ్ రూపొందించిన రాకెట్టు నహాబినోలో 400 మీటర్లు ఎగిరింది, 18 సెకన్లు. బృందానికి అప్పటికే సెర్గేయ్ కొరొల్యోవ్ నాయకుడు. మార్షల్ తుహచేవ్‌స్కీ చొరవతో ఆ శరత్కాలంలోనే వాళ్ళను లెనిన్‌గ్రాడు సైనికప్రయోగశాలతో కలిపి ఒక పరిశోధనాసంస్థ చేశారు. జీతాలు వచ్చాయి, యంత్రాలు వచ్చాయి. గుమ్మం దగ్గిర కాపలా కూడా వచ్చింది.

ఆ కాపలా వెనక ఏం జరిగిందో చూడండి. ఇంధనాన్ని మండించడానికి ద్రవ ఆమ్లజని మంచిదా, నత్రికామ్లం మంచిదా అని ఇంజనీర్లలో వివాదం ఉండేది. ఏ సంఘంలోనైనా ఉండేదే. సంఘంలో అయితే ఒకడు వ్యాసం రాస్తాడు, ఇంకొకడు ఖండిస్తాడు, చదివినవాళ్ళు నవ్వుకుంటారు. మూసిన సంస్థలో ఖండనకు చోటులేదు, ఫైలుకు ఉంది. 1937 జూన్‌లో తుహచేవ్‌స్కీని కాల్చేశారు. ఆయన ఆదరించిన సంస్థ మొత్తం అనుమానం కిందికి వచ్చింది. డైరెక్టరు క్లైమ్యోనొవ్‌నూ, తరవాత "కత్యూషా"గా పేరుపడ్డ రాకెట్ల మీద పనిచేసిన లాంగెమాక్‌నూ 1938 జనవరిలో కాల్చేశారు. మార్చిలో గ్లుష్కోనూ, జూన్‌లో కొరొల్యోవ్‌నూ అరెస్టు చేశారు. వాళ్ళు విద్రోహం చేశారన్న నిపుణుల నివేదిక మీద సహోద్యోగులే సంతకాలు పెట్టారు. కొరొల్యోవ్‌ను కొలిమా బంగారు గనికి పంపారు, అక్కడ పళ్ళూడిపోయాయి. విడుదలయింది 1944లో. స్పుట్నిక్ ఎగిరిన 1957లోనే ఆయన నిర్దోషి అన్న కాగితం చేతికొచ్చింది. ఆ స్పుట్నిక్ చేసింది ఆయనేనని లోకానికి 1966 జనవరిలో, ఆయన చనిపోయాకగాని తెలియనివ్వలేదు.

సంస్థలోకి రాకుండా తప్పించుకున్నవాడు ఒకడున్నాడు. యూరీ కొంద్రాత్యుక్ 1929లో నొవొసిబిర్‌స్క్‌లో సొంత డబ్బుతో 2,000 ప్రతుల పుస్తకం అచ్చువేశాడు. చంద్రుడి చుట్టూ ఒక నౌకను తిప్పుతూ ఉంచి, చిన్నదాంట్లో దిగి మళ్ళీ దాన్ని కలుసుకోవాలన్న ఆలోచన ఆయనదే. 1969లో అలాగే దిగారు. మేకులు లేకుండా పెద్ద ధాన్యపు గాదె కట్టినందుకు విద్రోహం నేరంమీద 1930లో ఆయన్ను పట్టుకున్నారు. తరవాత కొరొల్యోవ్ బృందంలోకి పిలిస్తే రానన్నాడు. కొంద్రాత్యుక్ ఆయన అసలు పేరు కాదు, అంతర్యుద్ధంలో ఒకప్పుడు ఎదుటి పక్షంలో చిక్కిన గతం దాచుకుని బతుకుతున్నాడు. కాపలా ఉన్న గుమ్మంలో ప్రతివాడి పుట్టుపూర్వోత్తరాలూ అడుగుతారు. పుస్తకం అచ్చువేసుకోవడానికి మాత్రం ఎవరూ ఆయన పూర్వకథ అడగలేదు.

ఈ సంగతులు నాకు సభలో తెలుసు. డోరా అంకెలు కంఠతా చెప్పినవాణ్ణి కొలిమా పేరెత్తలేదు. రెండూ ఒకటేనని నేననను: డోరాలో రాకెట్టు కోసం బానిసల్ని చంపారు, మాస్కోలో రాకెట్టు చేసేవాళ్ళనే చంపారు. కాని "పెట్టుబడిదారీ వ్యవస్థలో" అన్న ఒక్క మాటతో రెండోదాన్ని దాటెయ్యడం చరిత్ర చెప్పడం కాదు, సభను గెలవడం. మనవాళ్ళు స్పుట్నిక్ మీద గేయాలు రాస్తున్న రోజుల్లో కొరొల్యోవ్ పేరు తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు. తెలిసిన తరవాత కూడా నేను చెప్పకపోవడం నా తప్పు.

కుర్రవాడి ప్రశ్న మిగిలే ఉంది. సైన్యం డబ్బు లేకపోతే రాకెట్టు అంత త్వరగా పెరిగేది కాదు, అది ఒప్పుకుంటాను. ఎంత ఆలస్యమయ్యేదో ఎవరూ లెక్క కట్టలేరు. ఆ ఆలస్యంలో ఎవరు బతికి ఉండేవారన్నది కొంత లెక్క కట్టవచ్చు. ఇదే అతనికి ఉత్తరంగా రాశాను. 2002లో మళ్ళీ అచ్చయిన లాసర్ పుస్తకం నా ప్రతి కూడా పంపాను.

జవాబు వచ్చింది. సంఘం మూతపడకుండా నిలబడ్డ ఒక్కచోటా, అంటే లండనులో, ఒక్క రాకెట్టూ లేవలేదు గదండీ అని ఎత్తిపొడిచాడు. ఆ మాటకు ఇంకా జవాబు రాయలేదు. పుస్తకం తిరిగి పంపడానికి కొంచెం వ్యవధి కావాలట. ఒక అధ్యాయం తెలుగులో సంగ్రహించి కాలేజీ గోడపత్రికలో పెడుతున్నాడట. "ఆర్బిట్" అన్నదానికి కక్ష్య అనాలా, పరిభ్రమణ మార్గం అనాలా అని అడిగాడు. కక్ష్య చాలునని కార్డు రాశాను.